కళావతి కాలి మీద పొర

హన్మకొండ చౌరస్తా నుంచి లోపలికి తిరిగే సందులో రామలింగం పిండివంటల దుకాణం ఉంది. బోర్డు మీద దుకాణం పేరు ఎప్పుడో వెలిసిపోయింది. కింద రాసిన "శుద్ధ శాకాహారం" అన్న మాటలకు మాత్రం ఆయన ఏటేటా రంగు వేయిస్తాడు. పేరు కనపడకపోయినా గిరాకీకి లోటు లేదు. సకినాల సేటు దుకాణం ఎక్కడంటే ఏ ఆటో అతనైనా దారి చూపిస్తాడు.

రామలింగం గురించి చెప్పాలంటే ముందు ఆయన ముక్కు గురించి చెప్పాలి. పొద్దున షట్టర్ ఎత్తగానే దేవుడి పటం దగ్గర అగరొత్తి వెలిగించడు. ముందు డబ్బాల మూతలు తీసి ఒక్కొక్కదాన్నీ వాసన చూస్తాడు. అగరొత్తి వెలిగిస్తే సరుకు వాసన తెలియదట. దేవుడు కాసేపు ఆగుతాడు గానీ నూనె ఆగదంటాడు. నూనె పాతబడ్డ ఛాయ రవ్వంత తగిలినా ఆ డబ్బా గిరాకీ ముందుకు రాదు. ఈ ముక్కు వల్ల దుకాణం నిలబడిందని ఆయన నమ్మకం. నిజానికి నిలబెట్టింది వేరేవాళ్లు, వాళ్ల దగ్గరికి వస్తాను.

శాకాహారం పట్టింపు మరీ ముదురు. కోడిగుడ్డును పేరు పెట్టి పిలవడు, "ఆ తెల్లది" అంటాడు. మృగశిర కార్తె నాడు వరంగల్ అంతా చేపల కోసం ఎగబడుతుంటే ఈయన షట్టర్ దించి ఇంట్లో కూర్చుంటాడు. ఒకసారి ఎవరో తెలియక చేపల సంచి తెచ్చి గల్లా బల్ల మీద పెట్టి సకినాలు అడిగాడు. రామలింగం సకినాలు ఇచ్చాడు, దండం పెట్టాడు, ఆ మనిషి సందు మలుపు తిరిగేదాకా ఆగాడు. ఆ తర్వాత బల్లను పసుపు నీళ్లతో కడిగిందే కడిగాడు. ఎదుటివాడిని నొప్పించే రకం కాదు. అలాగని పట్టింది వదిలే రకమూ కాదు.

దుకాణాన్ని నిలబెట్టింది ఆయన భార్య కళావతి. నర్సంపేటలో కిరాణా కొట్టువాళ్ల బిడ్డ. ఆమె పెళ్లై వచ్చేనాటికి రామలింగం ఎనుమాముల మార్కెట్లో ఓ మిర్చి వ్యాపారి దగ్గర గుమస్తా. మిర్చి ఘాటుకు దగ్గు పట్టుకుని ఆ కొలువు మానేయాల్సి వచ్చింది. ఏం చేయాలో తోచక ఆయన గడప మీద కూర్చుంటే, కళావతి ఏమీ అనకుండా బియ్యం నానబోసింది. పిండిలో నువ్వులు, వాము కలిపి, తడి బట్ట మీద వేళ్ల సందున పిండిని మెలిపెడుతూ చుట్లు చుట్టింది. ఆ సకినాలు బుట్టలో పెట్టుకుని ఆయన బస్టాండులో తిరిగాడు. సాయంత్రానికి బుట్ట ఖాళీ. ఇప్పటి దుకాణం ఆ బుట్ట నుంచే వచ్చింది.

కళావతిది మాట తక్కువ. ఆమె చీర రంగు దగ్గర నుంచి ఏ ఊరి పెళ్లికి పోవాలన్న దాకా అన్నీ రామలింగమే తేల్చేవాడు. జులుం చేసి కాదు, ప్రేమతోనే. "మా ఆమెకు ఏం గావాల్నో ఆమెకంటే నాకే మంచిగ ఎరుక" అని నలుగురిలో చెప్పుకునేవాడు. ఆమె కాదనేది కాదు. కాదనకపోతే ఔనన్నట్టేనని ఆయన లెక్క. మనలో చాలామంది మగవాళ్ల లెక్క కూడా అదే కాబట్టి ఆయన్ని ఒక్కడినే అనడానికి లేదు.

వాళ్ల కొడుకు గోపాల్ సుబేదారిలో ఓ ఆఫీసులో పనిచేస్తాడు. కోడలు శ్రావణి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఏం పరిశోధనో రామలింగానికి చాలాకాలం అంతుపట్టలేదు. ఒకరోజు ఆమె పల్చటి, పసుపుపచ్చటి కాగితంలాంటి పొరలు కొన్ని దుకాణానికి తెచ్చింది.

"ప్లాస్టిక్ కవరు ఊకె మూసిపెడ్తది మామయ్యా. ఇది మూసిపెట్టుడే గాదు, లోపల పని గూడ చేస్తాంటది. గాలి తగిలి నూనె ఖరాబైతది గద, కల్యామాకుల ఆ ఖరాబును ఆపే గుణమున్నది. దాన్ని తీసి ఈ పొరల కలిపినం. పొరేమో మక్కజొన్న గంజి."

"గంత కష్టమెందుకు బిడ్డా? కల్యామాకు రసం సకినాల మీద చల్లితె అయిపాయె."

"ఒక్కటేసారి చల్లితే ఒక్కటేసారి అయిపోతది. పసిపిల్లకు పాలు గిన్నెతోని గుమ్మరిస్తమా? ఉగ్గుగిన్నెతోని జరంత జరంత పోస్తం. ఇది గట్లనే, జరంత జరంత ఇడుస్తది."

ఈ ముక్క ఆయనకు నచ్చింది. సకినాలను సగం ప్లాస్టిక్‌లో, సగం శ్రావణి కరివేపాకు పొరలో చుట్టి అరలో పెట్టారు. పెట్టారు గానీ ఆయన చేతులు ఊరుకుంటాయా? రోజూ పొద్దున్నే పొర విప్పి వాసన చూసి మళ్లీ మడిచేవాడు. శ్రావణి చూసి నెత్తి కొట్టుకుంది.

"రోజు తెరిస్తే అది ఇడిసిందంత మీ ముక్కులకే పోతది మామయ్యా."

"తెరువకుంట లోపల మంచిగున్నదని ఎట్ల నమ్మాలె?"

"జర నమ్మాలె మరి."

రెండోసారి చుట్టినప్పుడు ఆయన నిగ్రహించుకున్నాడు. ప్లాస్టిక్‌లో ఉన్నవి పాత నూనె వాసన కొట్టాక కూడా పొరలో ఉన్నవి నిన్న వేయించినట్టే ఉన్నాయి. యూనివర్సిటీ మిషన్ కూడా అదే చెప్పింది. ఇక ఆయన సంబరం పట్టతరం కాలేదు. "ఇది కడుపులకు పోతే ఏం గాదా?" అని అడిగితే, శ్రావణి ఓ ముక్క చింపి నోట్లో వేసుకుని నమిలి మింగింది. నోట్లో పెట్టుకోదగినదాన్ని మించిన శుభ్రమైన వస్తువు భూమ్మీద లేదని రామలింగం అప్పుడే తీర్మానించుకున్నాడు. ఆ తీర్మానమే తర్వాత కొంప ముంచింది.

కళావతికి షుగర్ ఉంది. పాదాల్లో స్పర్శ తగ్గిందని ఆమెకే తెలియదు. మెట్టె బిగుసుకుని కుడికాలి రెండో వేలిని కోస్తున్నా నొప్పి తెలియలేదు. ఒకరోజు సకినాలు చుట్టి లేచాక, కూర్చున్న చాప మీద రక్తం మరక చూసి, ఎవరి చెయ్యి తెగిందని పనివాళ్లను అడిగింది. తెగింది తన వేలేనని తెలిశాక కూడా మెట్టె తీయడానికి ఒప్పుకోలేదు. "మీరుండంగ మెట్టె తీస్తనా?" అంది. ఎన్నడూ దేనికీ ఎదురు చెప్పని మనిషి దీనికి మాత్రం చెప్పింది. చివరికి నగలు చేసే అవుసలాయన్ని పిలిపించి మెట్టెను కోయించారు. ఆమె పక్క వేలికి పసుపుదారం చుట్టుకుంది.

పుండు మానలేదు. లేపనాలు, మాత్రలు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాయి. పెద్ద దవాఖానలో డాక్టర్ రమాకాంత్ పాదం అటూ ఇటూ తిప్పి చూసి, దాచకుండా చెప్పాడు. "ఇట్లనే ఉంటే వేలు తియ్యాల్సొస్తదమ్మా. అప్పటికీ ఆగకపోతే పాదం దాకా పోతది."

కళావతి ఒక్కటే అడిగింది. "మల్ల నడుస్తనా సారూ?"

ఆ ప్రశ్న విని రామలింగం గోడ వైపు తిరిగాడు. ఇంట్లో ఆమె నడక చప్పుడు లేని పొద్దును ఆయన ఊహించుకోలేకపోయాడు. ఆ మాట బయటికి అనడం చేతకాక, ఫ్యాన్ సరిగ్గా తిరగడం లేదని నర్సు మీద విసుక్కున్నాడు.

ఆ దవాఖానలోనే, శ్రావణి వాళ్ల యూనివర్సిటీతో కలిసి, మానని పుండ్ల మీద వేసే ఒక పొరను అనుమతులన్నీ తీసుకుని పరీక్షిస్తున్నారు. పసుపులోని మేలు చేసే గుణాన్ని పుండు మీద కొద్దికొద్దిగా విడుస్తుంది. సొంత అత్తమ్మ కాబట్టి శ్రావణి తనంతట ఆ మాట ఎత్తలేదు, డాక్టరే ఎత్తాడు. వివరాలన్నీ కళావతికి చదివి వినిపించి సంతకం తీసుకునే వేళకు రామలింగం కింద మందుల షాపు ముందు వరుసలో నిలబడి ఉన్నాడు. ఆయన పైకి వచ్చేసరికి పొర వేయడం అయిపోయింది. దవాఖానలో తప్ప ఇంట్లో ఎవరూ దాన్ని తీయకూడదని, తడవనీయకూడదని డాక్టర్ గట్టిగా చెప్పి పంపాడు.

"ఇది గూడ నువ్వు చేసిందేనా బిడ్డా? మన సకినాలకు చుట్టిందేనా?" అని ఆయన తోవలో అడిగాడు.

"చేసే తరీక గదే మామయ్యా. ఇది పుండుకు చేసింది" అంది శ్రావణి. ఆయనకు మొదటి ముక్క బాగా వినపడింది, రెండోది పెద్దగా పట్టలేదు.

పొర మార్చడానికి దవాఖానకు వెళ్లినప్పుడు డాక్టర్ ముఖంలో వెలుగు కనిపించింది. పుండు అంచుల్లో కొత్త కండ వస్తోందన్నాడు. రామలింగం పరుగున దుకాణానికి పోయి సకినాల పొట్లాలు తెచ్చి వార్డు మొత్తానికి పంచాడు. కట్లు కట్టే యాకయ్యకు రెండు చేతుల నిండా పోశాడు.

"అంత పసుపు మహిమ యాకయ్యా" అన్నాడు పొంగిపోతూ.

"పసుపు సరే సేటూ" అన్నాడు యాకయ్య సకినం కొరుకుతూ. "అసలు ఆ పొరున్నది సూడు, అది రొయ్యపొట్టట. సముద్రం కాడికెల్లి తెప్పిస్తరు. కడిగి కడిగి ఏందేందో జేసి గట్ల పల్చగ తీస్తరు. మనం పారేసే పొట్టుల గింత గుణమున్నదని ఎవలికెరుక?"

రామలింగానికి ఆ మాట వెంటనే తలకెక్కలేదు. ఎక్కాక, ఇంటికి పోయేదాకా ఆటోలో అదే ఆలోచన. పక్కన కళావతి కాలు చాపుకుని, ఎన్నాళ్ల తర్వాతో కాస్త తేటగా ఉంది. కార్తీక మాసంలో ఉల్లిగడ్డ కూడా ముట్టని మనిషి. తెలియక ఒంటి మీద రొయ్యను మోస్తోంది. చెబితే కుమిలిపోతుంది. కోడలిని అడిగితే ఇంట్లో రభస. డాక్టరుతో అంటే నవ్విపోతాడు. పోనీ ఊరుకుందామంటే మనసు ఒప్పదు. ఎప్పటిలాగే ఆమె మేలు తానే తేల్చేశాడు.

దుకాణం అరలో మక్కజొన్న పొర ఉంది. చూపుకు రెండూ ఒకటే, పసుపుపచ్చగా పల్చగా. అందులో ఉన్నది గంజి, కరివేపాకు. కోడలు కళ్లముందే తిన్న వస్తువు. జరంత జరంత ఇడిచేదే కదా అదీ ఇదీ.

మరునాడు మధ్యాహ్నం కళావతి అన్నం తిని కునుకు తీస్తున్నప్పుడు ఆయన చేతులు సబ్బుతో కడుక్కుని, తలుపు దగ్గరగా వేసి, ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. పెళ్లిలో మెట్టెలు తొడిగిన తర్వాత ఆ పాదాన్ని చేతుల్లోకి తీసుకోవడం అదే మొదలు. మడమలు పగిలి గరుకుగా ఉన్నాయి. ఆ పాదం దుకాణం కోసం ఎంత తిరిగిందో తలుచుకుంటే ఆయనకు కళ్లు చెమ్మగిల్లాయి. మెల్లగా పాత పొర తీశాడు, కొత్తది అంటించి అదే కట్టు మళ్లీ చుట్టాడు. తీసిన దాన్ని పేపర్లో పొట్లం కట్టి, ఒంటికి దూరంగా పట్టుకుని తీసుకుపోయి మోరీలో పారేశాడు. తర్వాత బావి దగ్గరికి పోయి నెత్తి మీద నుంచి నీళ్లు గుమ్మరించుకున్నాడు. ఆమెను ఓ గండం నుంచి గట్టెక్కించానని తృప్తిగా ఊపిరి పీల్చుకున్నాడు.

రెండు రోజులు గడిచాయో లేదో కళావతికి వణుకుతో జ్వరం వచ్చింది. పాదం వాచి చీలమండ దాకా ఎర్రబడింది. గోపాల్ కారు మాట్లాడితే అందరూ కలిసి దవాఖానకు పరుగెత్తారు. డాక్టర్ కట్టు విప్పాడు. పొర లేదు. పుండు నిండా జిగురు జిగురుగా గంజిలాంటిది, దాని కింద చీము.

డాక్టర్ శ్రావణి వైపు తిరిగాడు. "ఇది గిట్ల కరగొద్దు గదమ్మా. దీంతోని ఒక్కటేనాడు చేసిన పొరలు ఇంకా కొందరికి వేసినం. అందరివీ తీసెయ్యాలె. సంగతి తేలేదాక ఆపేద్దాం."

శ్రావణి ముఖంలో నెత్తురు లేదు. "మా దగ్గరనే ఏదన్న తప్పు జరిగిందేమో సార్" అంది.

"ఎవరన్న విప్పిన్రా అమ్మా?" అని డాక్టర్ కళావతిని అడిగాడు.

"లేదు సారూ. ఎవలు ముట్టలే."

రామలింగం మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కోడలి తలమీద పడుతుంది, ఎవరెవరి పుండ్ల మీదో పనిచేస్తున్న మందు ఆగిపోతుంది, కళావతి కాలికి ఏమైందో డాక్టరుకు అంతుచిక్కదు. సరుకు పాడైతే పాడైందని గిరాకీ మొహం మీదే చెప్పే మనిషికి ఈ ఒక్క మాట గొంతు దాటడానికి చాలాసేపు పట్టింది.

"నేనే మార్చిన సారూ. దుకాణంల సకినాలకు చుట్టేది పెట్టిన."

డాక్టర్ నమ్మలేనట్టు చూశాడు. "సకినాలకు చుట్టేదా? అది గంజి సేటూ. తినేటందుకు మంచిదైతే పుండుకు మంచిదైతదా? లోపలున్న క్రిములకు కూసోబెట్టి అన్నం పెట్టినవ్. ఎందుకు మార్చినవ్?"

కళావతి ఆయన వైపే చూస్తోంది. ఆ కళ్ల ముందు రొయ్య మాట ఎత్తలేకపోయాడు. "తప్పైంది సారూ" అన్నాడు.

శ్రావణి కోప్పడలేదు. "నన్నొక్క మాట అడగకపోతిరి మామయ్యా" అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

ఆ సాయంత్రమే వేలు తీసేశారు. పాదం దక్కింది. ఆపరేషన్ గది బయట బెంచీ మీద రామలింగం తల వంచుకుని కూర్చున్నాడు. గోపాల్ చాయ్ తెచ్చిస్తే చేతిలో పట్టుకునే చల్లారబెట్టాడు. దేవుడికి ఏ మొక్కూ మొక్కలేదు. మొక్కడానికి మొహం చెల్లలేదు.

జ్వరం తగ్గి, వాపు దిగాక డాక్టర్ మళ్లీ వచ్చాడు. ఈసారి రామలింగాన్ని కూడా మంచం దగ్గరికి పిలిచాడు. "వేలు తీసిన చోట గాయం మానాలె. ఆ పొర వేస్తే తొందరగ మానొచ్చు. వద్దంటే మామూలు కట్టు కడ్తం. ఇద్దరూ ఇనంగనే అడుగుతాన, ఆలోచించి చెప్పున్రి" అని పక్క మంచం దగ్గరికి కదిలాడు. శ్రావణి, కావాలనే, కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటోంది.

రామలింగం స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. ఇంక దాచి లాభం లేదు.

"కళావతీ, నీకు చెప్పలే నేను. ఆ పొర రొయ్యపొట్టుతోని చేస్తరట. నీకు తెలిస్తే తల్లడిల్లుతవని... అందుకే తీసి పారేసిన."

"నాకెరుకే" అంది కళావతి.

ఆయనకు అర్థం కాలేదు.

"సంతకం పెట్టిన్నాడే సారు చదివి చెప్పిండు. రొయ్యపొట్టని చెప్పిండు, ఇష్టం లేకుంటే వద్దనమన్నడు గూడ. నడువాలనిపించింది నాకు. నేనే వెయ్యమన్న."

"మరి నాకెందుకు చెప్పకపోతివి?"

కళావతి దుప్పటి అంచు సర్దుకుంది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అదే ఆయన్ని కోసేసింది.

"చెప్తే మీరు నా పక్కకు వస్తరో రారోనని భయమైంది. కాలు పోతే కర్ర పట్టుకొని తిరుగుదు. మీరు దూరం కూసుంటే నేనెట్ల బతుకుదు?"

ఆ మధ్యాహ్నం తాను పొట్లాన్ని ఒంటికి దూరంగా పట్టుకుపోయింది, బావి దగ్గర నెత్తి మీద నీళ్లు గుమ్మరించుకుంది గుర్తొచ్చి రామలింగం సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఆమె భయపడింది ఉత్తి పుణ్యానికి కాదు. ఇన్నేళ్లూ ఈమెను తాను కాపాడుతున్నాననుకున్నాడు. ఈమే ఆయన నుంచి తనను తాను కాపాడుకోవాల్సి వచ్చింది. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. వేలు పోయిన మనిషే ఊరుకొమ్మని ఆయన మోకాలు తట్టింది.

కాసేపటికి తేరుకుని అడిగాడు. "ఇప్పుడేం జేద్దామంటవ్?"

అలా అడగడం ఆయనకు కొత్త. వినడం ఆమెకు కొత్త. అడిగింది తననేనా అన్నట్టు ఆమె ఒకసారి చూసింది.

"వెయ్యమనున్రి" అంది.

రామలింగం డాక్టరును పిలిచాడు. నర్సు పొర తెచ్చింది. దాన్ని అంటించి కట్టు కట్టేదాకా పాదం కదలకుండా ఎవరైనా పట్టుకోవాలంది. గోపాల్ ముందుకు రాబోయాడు. రామలింగం కొడుకును పక్కకు జరగమని, తానే ఆ పాదాన్ని ఎత్తి తెల్లటి పంచె మీద ఒడిలో పెట్టుకున్నాడు. రెండు చేతులతో మడమను పట్టుకున్నాడు.

కళావతి కాలు వెనక్కి లాక్కోబోయింది. "అందరు చూస్తాన్రు" అంది మెల్లగా.

"చూడనియ్యి" అన్నాడు ఆయన.

నర్సు కట్టు ముడి వేసి వెళ్లిపోయాక కూడా ఆయన చేతులు తీయలేదు.